పసుపు రంగు దుప్పటి

అమ్మలూ,

నువ్వు పంపిన మూడు ఫొటోలూ నిన్న రాత్రి ఒకసారి, పొద్దున్నే లేచి ఇంకోసారి చూశాను. రాత్రిపూట ఫోన్‌లో చూసిన రంగుల్ని నేను నమ్మను. ఎందుకో తర్వాత చెప్తాను.

"పిన్నీ, ఎడిటింగ్ నేర్చుకోవాలి, ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటావ్, ఏ కోర్సులో చేరమంటావ్?" అని అడిగావు. ఇంకో ఆరు నెలలు ఏదీ కొనకు, ఎందులోనూ చేరకు. ఫోన్‌లో ఫొటో తెరిస్తే కనిపించే ఎడిట్ బటన్ మొదటి నెలకి చాలు. ఆ తర్వాత స్నాప్‌సీడ్ అనే ఫొటోలు దిద్దే యాప్ పెట్టుకో, ఉచితంగా వస్తుంది. కంప్యూటర్ మీద చేసుకుంటానంటే డార్క్‌టేబుల్, గింప్ రెండూ ఉచితమే. నేను లైట్‌రూమ్ వాడతాను, హాయిగానే ఉంటుంది గానీ కంప్యూటర్‌లో వాడాలంటే నెలనెలా డబ్బు కట్టాలి. ఫొటోలు వేలల్లో పోగయ్యాక దాని సంగతి చూద్దువుగాని. ఫొటోషాప్ మాట అసలు ఇప్పుడు ఎత్తకు. 1990లో అది బయటికొచ్చింది. దాన్ని తయారుచేసిన అన్నదమ్ముల్లో ఒకరైన జాన్ నోల్, అందరికీ చూపించడానికి వాడిన ఫొటో ఏంటో తెలుసా? సముద్రపు ఒడ్డున కూర్చున్న, తను పెళ్లి చేసుకోబోయే అమ్మాయి ఫొటో. అంత పెద్ద సాఫ్ట్‌వేర్‌కీ మొదట్లో పనికొచ్చింది ఇంట్లోవాళ్ల బొమ్మే. అది తలుచుకుంటే నాకు భలే ముచ్చటేస్తుంది.

సరే, ముందు నా ఘనకార్యం ఒకటి విను.

మీ తమ్ముడు, అదే మా వాడు, పుట్టిన కొత్తలో నేను కొన్ని ప్రీసెట్లు, అంటే ముందే అమర్చిపెట్టిన దిద్దుబాట్లు, కొన్నాను. ఒక్క నొక్కుతో ఫొటో అంతా గోధుమ రంగులోకి మారి, పాతకాలపు ఆల్బమ్‌లోంచి ఊడివచ్చినట్టు ఉండేది. అందరూ బాగుందన్నారు. నేను ఇంకా రెచ్చిపోయి రెండేళ్ల ఫొటోలన్నిటికీ అదే నొక్కు నొక్కాను. నొక్కితే నొక్కాను, అసలు ఫైల్ మీదే సేవ్ చేసేశాను. మెమరీ కార్డు ఖాళీ చేసేసుకున్నాను. వాడు నిద్రపోవాలంటే పక్కన ఒక పసుపు రంగు దుప్పటి ఉండి తీరాలి. నిమ్మపండు లాంటి పసుపు. దాదాపు నూటయాభై ఫొటోల్లో ఉంది ఆ దుప్పటి. ఒక్కదాంట్లో కూడా పసుపుగా లేదు. అన్నిట్లోనూ తడిసిన అట్టపెట్టె రంగు. వాడి చెంపలూ అంతే. దుప్పటి ఎప్పుడో చిరిగిపోయింది. ఆ రంగు ఇప్పుడు నా కళ్లలో తప్ప ఎక్కడా లేదు.

అందుకని నీకు మొట్టమొదట నేర్పాల్సింది ఏ స్లైడరూ కాదు, సేవ్ చేసే పద్ధతి. అసలు ఫొటో ఎప్పుడూ అలాగే ఉండాలి, దిద్దింది వేరే కాపీగా ఉండాలి. లైట్‌రూమ్, డార్క్‌టేబుల్ లాంటివి అసలు ఫైల్ జోలికి పోవు. "ఇంత వెలుతురు పెంచు, ఇక్కడ కత్తిరించు" అని సూచనలు మాత్రం విడిగా రాసిపెట్టుకుంటాయి. కొన్ని యాప్‌లు అలా కాదు, సేవ్ అనగానే పాతదాన్ని చెరిపేసి దాని చోట కూర్చుంటాయి. కొత్త యాప్ ఏది పెట్టుకున్నా పనికిరాని ఫొటో ఒకటి తీసుకుని పరీక్షించి చూడు. పైగా జేపెగ్ ఫైల్‌ని, అంటే ఫొటోలు మామూలుగా నొక్కిపెట్టి దాచే రకం ఫైల్‌ని, మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. ఒకటి రెండుసార్లకి తెలియదు, పదిసార్లు చేస్తే ఆకాశం మెట్లుమెట్లుగా కనిపిస్తుంది.

రా ఫైల్ గురించి అడిగావు కదా. కెమెరా చూసిందాన్ని వండకుండా పచ్చిగా దాచిపెట్టే ఫైల్ అది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి చీకటి నుంచి వెలుతురు దాకా 256 మెట్లు ఉంటాయి. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384. చీకట్లో ఉండిపోయిన మొహాన్ని పైకి లాగాలన్నా, తప్పిపోయిన రంగుని సరిచేయాలన్నా ఆ మెట్లు అక్కరకొస్తాయి. కానీ ఫైళ్లు లావు, ప్రతిదాన్నీ కూర్చుని దిద్దుకోవాలి. పిల్ల అన్నం పూసుకున్న ప్రతి ఫొటోకీ రా ఎందుకు? పుట్టినరోజులకీ, కిటికీ పక్కన తీరిగ్గా తీసేవాటికీ వాడు.

ఇప్పుడు నీ కిటికీ ఫొటో. పాప వెనక కిటికీ, మొహం మీద చీకటి. నువ్వు బ్రైట్‌నెస్ మొత్తం పెంచేశావు. మొహం బూడిదలా తయారైంది, కిటికీ సున్నం కొట్టినట్టు తెల్లబారింది. చాలా ఎడిటింగ్ యాప్‌లలో హిస్టోగ్రామ్ అని, ఫొటోలో చీకటీ వెలుతురూ ఎంతెంత ఉన్నాయో చూపే కొండలాంటి గీత ఒకటి ఉంటుంది చూడు. ఎడమ చివర కటిక నలుపు, అంటే 0. కుడి చివర తెలుపు, 255. ఆ కొండ కుడి గోడకి అతుక్కుపోయిందంటే అక్కడ వివరం అయిపోయినట్టే, ఎంత వెనక్కి లాగినా బూడిద రంగు తప్ప ఏమీ రాదు. ఎడమ పక్క కొంచెం నయం. చీకట్లో దాక్కున్నదాన్ని, చీకటి భాగాల్నే కదిపే షాడోస్ స్లైడర్‌తో కొంత బయటికి తేవచ్చు, కాకపోతే ఇసక చల్లినట్టు గరుకు వస్తుంది. కాబట్టి ఇలాంటి ఫొటోకి మొత్తం వెలుతురుని మార్చే ఎక్స్‌పోజర్ ముట్టుకోకుండా ముందు హైలైట్స్, అంటే బాగా వెలిగే భాగాలు, తగ్గించు, తర్వాత షాడోస్ పెంచు, అప్పటికీ చాలకపోతే మార్పు మొహం ఒక్కదానికే తగిలేలా మాస్క్ వేసి కాస్త వెలుతురు ఇవ్వు. అన్నిటికన్నా సులువు ఇంకోటుంది. తీసేటప్పుడే నువ్వు కిటికీ వైపుకి వెళ్లి నిలబడి పాపని నీ వైపు తిప్పుకో. అరగంట పని తప్పుతుంది.

నేను ఎక్కువ కాలం తన్నుకులాడింది రంగు దగ్గర. మన కన్ను మోసగత్తె. బల్బు కింద తెల్ల చొక్కా చూసినా, ఎండలో చూసినా తెలుపే అని సర్దేసుకుంటుంది. కెమెరా అలా సర్దుకోదు, ఊహిస్తుంది, ఒక్కోసారి తప్పు ఊహిస్తుంది. వెలుతురు రంగుని కెల్విన్లలో చెప్తారు. కొవ్వొత్తి సుమారు 1,900, ఇంట్లో పసుపు బల్బు 2,700 నుంచి 3,000, మధ్యాహ్నపు ఎండ 5,500 దగ్గర, నీడపట్టు 7,000 ఆ పైన. అంకె పెరిగేకొద్దీ వెలుతురు నీలంవైపు పోతుంది. కానీ స్లైడర్‌ని 7,000కి జరిపితే ఫొటో పసుపెక్కుతుంది. మొదట్లో నేను దీనికి తల పట్టుకున్నాను. ఆ అంకెతో నువ్వు సాఫ్ట్‌వేర్‌కి చెప్పేది "నేను తీసినప్పుడు వెలుతురు ఇంత నీలంగా ఉంది" అని. అది విని, విరుగుడుగా పసుపు కలుపుతుంది. అంతే సంగతి.

ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే డ్రాపర్ (ఇది తెలుపు అని చూపించే పరికరం) తీసుకుని ఫొటోలో నిజంగా తెల్లగానో బూడిదగానో ఉన్నదాని మీద నొక్కు. గోడో, చొక్కా కాలరో. పళ్ల మీదా, కంటి తెలుపు మీదా నొక్కకు, అవి అనుకున్నంత తెల్లగా ఉండవు. ఒక పక్క కిటికీ, ఇంకో పక్క బల్బు ఉన్న గదిలో తీస్తే మాత్రం మొహంలో సగం నీలం, సగం పసుపు. ఒకటి సరిచేస్తే ఇంకోటి పాడవుతుంది. పగలైతే బల్బు ఆర్పేయ్. అప్పటికే తీసేసిన ఫొటో అయితే నలుపు తెలుపులోకి మార్చి ఊరుకో, సిగ్గుపడాల్సిందేమీ లేదు. అలాగే పచ్చగడ్డిలో కూర్చోబెట్టి తీస్తే గడ్డం కింద ఆకుపచ్చ పడుతుంది, ఎర్ర గౌను వేస్తే ఎరుపు. పాపకి ఏమైందో అని కంగారుపడకు, అది గౌను ప్రతాపం.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి, నొచ్చుకోకు. రెండో ఫొటోలో పాప నాలుగు షేడ్లు తెల్లబడింది. నువ్వు కావాలని చేశావో, ఫోన్‌లో బ్యూటీ మోడ్ దానంతట అదే చేసిందో నాకు తెలియదు. కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ముందు ఆపేయ్. పాపది నీ రంగు, మా అమ్మ రంగు. వెలుతురు సరిచేయడం వేరు, ఒంటి రంగు మార్చడం వేరు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో కనుక్కోవడానికి నేను చేసేది చెప్తాను. పక్కన ఉన్న మిగతా వస్తువుల్ని చూస్తాను. మొహం బాగుందనిపించి, పక్కనున్న కొయ్య కుర్చీ వెలిసిపోయినట్టు కనిపిస్తే నేను గీత దాటినట్టే. రంగుల పట్టీలో నారింజ స్లైడర్ ఉంటుంది, చర్మమంతా దాదాపు దాని చేతిలోనే ఉంటుంది. దాన్ని మరీ జరపకు. రంగులు చప్పగా ఉన్నాయనిపిస్తే రంగులన్నిటినీ ఒకేలా పెంచే శాచురేషన్ కన్నా వైబ్రెన్స్ మేలు, అది వెలిసిన రంగుల్నే ఎక్కువ లేపుతుంది, చర్మాన్ని పెద్దగా కదపదు. గీతల్నీ గరుకునీ ఎత్తిచూపే క్లారిటీని పిల్లల మొహాల దగ్గరికి రానివ్వకు, ఏడాది పిల్ల అరవై ఏళ్ల ముసలిదానిలా తేలుతుంది.

చెరపడం గురించి. పోర్ట్రెయిట్లు తీసేవాళ్ల లెక్క ఒకటుంది, రెండు వారాల్లో దానంతటదే పోయేదైతే తుడిచేయొచ్చు, పోనిదైతే ఉంచాలి అని. దోమకాటు, గీరుకున్న గీత, మూతి మీద అన్నం మెతుకు, వీటిని తీసేసినా పాపం లేదు. పుట్టుమచ్చ జోలికి పోకు. మొహం వరకూ ఈ లెక్క బాగానే పనిచేస్తుంది, గది విషయంలోనే తేలిపోయింది. మీ తమ్ముడు మూడేళ్లప్పుడు గోడ నిండా క్రేయాన్లతో గీశాడు. ఫొటోలో గలీజుగా ఉందని మచ్చల్ని చెరిపే హీలింగ్ టూల్‌తో గంటసేపు కూర్చుని తుడిచాను. గోడ శుభ్రంగా వచ్చింది, గొప్పగా చూపించుకున్నాను కూడా. ఆ తర్వాత గోడకి రంగు వేయించాం. ఇప్పుడు వాడు "నేను గీసిన బొమ్మలేవమ్మా?" అని అడిగితే చూపించడానికి తెల్లగోడ ఉంది. అందుకే ఫొటోలో మడత పెట్టని బట్టల గుట్ట కనిపించినా వదిలేయమంటాను. కావాలంటే వేరే కాపీలో తీసెయ్.

కత్తిరించడం తేలిక. వంకరగా ఉన్న తలుపు నిలువుగా చెయ్యి, మోచెయ్యి దగ్గరా మోకాలి దగ్గరా సరిగ్గా కీలు మీద తెగకుండా చూసుకో, చాలు.

రాత్రి సంగతి చెప్తానన్నాను కదా. నువ్వు ఎడిట్ చేసేది పాప పడుకున్నాక అని నాకు తెలుసు, ఇంకెప్పుడు కుదురుతుంది గనక. కానీ చీకటి పడగానే ఫోన్ తెరని పసుపుగా మార్చే సెట్టింగ్ ఒకటి నీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. ఆ పసుపుకి విరుగుడుగా నువ్వు ఫొటోలో నీలం కలుపుతావు. పొద్దున చూస్తే పాప చలికి బిగుసుకుపోయినట్టు ఉంటుంది. నీ మూడో ఫొటో అచ్చం అలాగే ఉంది. ఎడిట్ చేసే అరగంట దాన్ని ఆపెయ్, తెర వెలుతురు సగానికి పెట్టు, పొద్దున్నే ఒకసారి చూశాకే ఎవరికైనా పంపు. నా దిద్దుబాట్లలో సగం పొద్దున్నే వెనక్కి తీసుకునేవే.

నలభై ఫొటోలు తీస్తే నలభైకీ స్లైడర్లు జరుపుతూ కూర్చోకు. మూడు ఎంచుకో. ఎంచుకోవడమే అసలు కష్టం, ఎంచుకుంటే పని సగం అయినట్టే. సాధనకి ఒకటి చెయ్యి. ఒకే ఫొటోని ఇవాళ దిద్దు, మూడు రోజులాగి పాతది చూడకుండా మళ్లీ మొదటినుంచి దిద్దు, ఇంకో మూడు రోజులకి ఇంకోసారి. మూడూ పక్కపక్కన పెట్టుకుంటే నీ చెయ్యి ఎటు జారుతోందో నీకే తెలుస్తుంది. నాది పసుపువైపు జారేది, ఇప్పటికీ జారుతుంది.

ప్రింట్ తీయించు తప్పకుండా. 4×6 అంగుళాల ప్రింట్ స్పష్టంగా రావాలంటే అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 1,200×1,800 ఉండాలి, 8×10కి 2,400×3,000. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చింది ప్రింట్‌కి ఇవ్వకు, అది నలిగి వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపించుకో. తెర వెలిగినట్టు కాగితం వెలగదు, కాబట్టి ప్రింట్ ఒక పిసరు చీకటిగా వస్తుందని అనుకునే దిద్దు. ఇంకోటి, ఫొటో తీసిన చోటు ఫైల్ లోపల రాసి ఉండొచ్చు. బయటివాళ్లు చూసే చోట పెట్టేముందు లొకేషన్ తీసెయ్.

కిటికీ ఫొటో అసలుది నాకు డాక్యుమెంట్‌గా పంపు, నేనూ ఒకసారి దిద్ది పంపిస్తాను, పోల్చుకుందువుగాని. నువ్వు పంపినదాంట్లో ఎడమ అంచు దగ్గర రెండు వేళ్ల కొసలు కనిపిస్తున్నాయి, మిగతాది కత్తిరించేసినట్టున్నావు. పాప పడిపోకుండా పట్టుకున్న చెయ్యి నీదే కదా? నేను దిద్దేదాంట్లో ఆ చేతిని ఉంచేస్తాను.

మీ పిన్ని