అమెరికాలో లా చదువుకు ప్రైవేట్ లోన్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కానీ ఫెడరల్ లోన్ (అమెరికా ప్రభుత్వం ఇచ్చే అప్పు) ఎంత వస్తుందో అంతా వాడుకున్నాకే దాని జోలికి వెళ్లడం మంచిది. మూడేళ్ల జేడీ (లా డిగ్రీ) కోర్సుకి ఇదివరకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్‌తో ఖర్చంతా గడిచిపోయేది. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకి అది లేదు. లా విద్యార్థికి ఫెడరల్ లోన్‌గా ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్లే ఇస్తారు. పేరున్న లా స్కూళ్లలో ఫీజు, అద్దె కలిపితే ఏడాదికే లక్ష డాలర్లు దాటుతోంది. మిగతాది ఎక్కడినుంచి తేవాలన్నదే టెన్షన్.

ఫెడరల్, ప్రైవేట్ లోన్‌ల మధ్య అసలు తేడా వడ్డీ ఒక్కదానిలోనే లేదు. ఫెడరల్ లోన్‌ని ఆదాయాన్ని బట్టి కట్టుకోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగంలోనో, లాభాపేక్ష లేని సంస్థలోనో ఫుల్‌టైమ్ పనిచేస్తూ నిబంధనల ప్రకారం 120 వాయిదాలు కడితే మిగిలింది మాఫీ అవుతుంది. ప్రైవేట్ లోన్‌కి ఆ మాఫీ లేదు. పేదల తరఫున వాదించే పబ్లిక్ డిఫెండర్ కావాలనుకునేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఎఫ్-1 వీసా మీద వెళ్లే మన పిల్లలకి ఫెడరల్ లోన్ రాదు. ప్రైవేట్ లోన్ ఇచ్చేవాళ్లు చాలామంది అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లో కో-సైన్ (హామీగా సంతకం) చేయాలంటారు. అక్కడున్న బాబాయిని అడిగేముందు విషయం విడమరిచి చెప్పండి: మీరు కట్టలేకపోతే ఆ అప్పు మొత్తం ఆయన మీద పడుతుంది.