100 బిలియన్ యూరోలు ఇచ్చినా జర్మనీ సైన్యం ఎందుకు సిద్ధంగా లేదు?

మీరు అడిగింది ఇది: "2022లో జర్మనీ తన సైన్యానికి 100 బిలియన్ యూరోలు ఇచ్చింది కదా, ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంకా సిద్ధంగా లేమని వాళ్లే ఎందుకంటున్నారు? ఆ డబ్బు ఎవరు తిన్నారు?"

ఎవరూ తినలేదు. ముందు ఆ డబ్బు ఏమిటో చూడండి. 2022 ఫిబ్రవరి 27న ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ పార్లమెంటులో ప్రకటించింది ఏటా ఇచ్చే బడ్జెట్ కాదు, ఒక్కసారికి 100 బిలియన్ల దాకా అప్పు తెచ్చుకునే అనుమతి. అప్పులకు పగ్గం వేసే నిబంధన 2009 నుంచి రాజ్యాంగంలోనే ఉంది కాబట్టి, దాన్ని దాటడానికి 87ఏ అధికరణాన్ని సవరించాల్సి వచ్చింది. అనుమతి జూన్‌లో వచ్చింది. ఆ ఏడాది ఆ నిధి నుంచి సైన్యానికి ఒక్క యూరో కూడా చేరలేదు. అప్పు మీద వడ్డీ కూడా ఈ నిధిలోంచే కట్టాలి. జర్మనీలో కొన్న సరుకు మీద 19 శాతం పన్ను కట్టాలి, అది తిరిగి ఖజానాకే పోతుంది. పైగా ఫిరంగి గుండ్లు, తూటాల కొనుగోలును మొదట ఈ నిధిలో పెట్టనే లేదు, మామూలు బడ్జెట్‌లోంచి కొనుక్కోమన్నారు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు అదే.

దీన్ని జర్మనీ ఒక ఏడాది రక్షణ బడ్జెట్ అనుకుంటే లెక్క తప్పుతుంది. బిలియన్ అంటే 100 కోట్లు. 100 బిలియన్ యూరోలంటే పది వేల కోట్ల యూరోలు, అదీ అయిదారేళ్లలో ఖర్చయ్యేది. మామూలు బడ్జెట్ అప్పట్లో ఏటా 50 బిలియన్ల చుట్టూ ఉండేది. ఈ రెండూ వేరువేరని చెప్పకుండా శీర్షిక పెడితే చదివేవాడికి దోపిడీ జరిగిందనే అనిపిస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తే, డబ్బుంటే వస్తువు కొనొచ్చు గానీ, కొన్నదాన్ని పాత సైనిక వాహనంలో బిగించి, నడిచేలా చేసి, సిపాయి చేతికివ్వడం వేరే పని. జర్మనీ తడబడేది అక్కడే. డిజిటల్ రేడియోల సంగతి చూస్తే అర్థమవుతుంది.

జర్మన్ సైన్యంలో బండ్ల మధ్య మాటలకు 1980ల నాటి అనలాగ్ రేడియోలే ఇంకా వాడుతున్నారు. వాటి మీద నేటో మిత్రదేశాలతో రహస్యంగా మాట్లాడటం కుదరదు. అందుకని 2022 డిసెంబరులో వెయ్యి మిలియన్ యూరోలకు పైబడి విలువున్న ఒప్పందంతో వేల సంఖ్యలో కొత్త రేడియోలు ఆర్డరిచ్చారు. 2023లో సరుకు రావడం మొదలైంది. వచ్చింది వచ్చినట్టే గోదాముల్లో పేరుకుంది, ఎందుకంటే వాటిని బండ్లలో బిగించే పని ఎవరికీ అప్పగించలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో సంగతి బయటపడింది: ఏ బండిలో పడుతుంది, ఏ బండి కరెంటు దానికి సరిపోతుంది అన్నది ముందుగా సరిగా చూసుకోలేదు.

రేడియో బిగించడమంటే కారులో స్టీరియో పెట్టడం లాంటిది కాదు. కొత్త పెట్టె కొలతలు పాత బ్రాకెట్‌కు సరిపోవు. సైనిక వాహనాల్లో కరెంటు 24 వోల్టులు. కొత్త రేడియో, దానికి తోడు కంప్యూటరు, తెర అన్నీ కలిపి పాతదానికన్నా ఎక్కువ లాగుతాయి. ఇంజను ఆపి కాపు కాసేటప్పుడు అవన్నీ బ్యాటరీ మీదే నడవాలి, అది తొందరగా దిగిపోతుంది. అప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజను నుంచి కరెంటు తీసే యంత్రం) మార్చాలి, బ్యాటరీలు పెంచాలి, వాటికి చోటు వెతకాలి. మూసి ఉన్న ఇనుప పెట్టెలో వేడి పెరుగుతుంది, గాలి ఆడే దారి చూడాలి. వైరు కోసం కవచానికి తోచినచోట రంధ్రం పెట్టడానికి వీల్లేదు, ప్రతిదానికీ అనుమతి కావాలి. చివరికి ఈ రేడియో తరంగాలు టరెట్ (బండి మీద తుపాకీతో తిరిగే పైభాగం) ఎలక్ట్రానిక్స్‌ను తికమక పెట్టవని పరీక్షించి నిర్ధారించాలి.

ఈ తతంగమంతా ఒక్కో రకం బండికి విడిగా చేయాలి. ముందు ఒక నమూనా బండిలో బిగించి, పరీక్షించి, డ్రాయింగులూ రిపేరు పుస్తకాలూ రాసి, ఆమోదం పొందాకే మిగతా బండ్లను వరసగా వర్క్‌షాపుకు పంపుతారు. ఇక్కడ ఇంకో చిక్కు: ఒక దళంలో సగం బండ్లకే కొత్త రేడియో పెడితే ఆ సగం మిగతా సగంతో రహస్య సంభాషణ చేయలేదు. కాబట్టి మొత్తం దళాన్ని ఒకేసారి మార్చాలి. మారుస్తున్నన్నాళ్లూ ఆ దళానికి బండ్లుండవు. ఈ పని సాగుతుండగా 2025లో సిపాయిల చేతికిచ్చి చూస్తే, వాడకం మరీ క్లిష్టంగా ఉందని పరీక్షలోనే తేలింది.

సిపాయిలను మోసుకుపోయే పూమా అనే కవచ వాహనాలదీ ఇదే కథ. 2022 డిసెంబరులో ఒక విన్యాసంలో 18 పూమాలు దించితే, చివరికి పద్దెనిమిదీ ఆగిపోయాయి. దేశం నవ్వింది, మంత్రి కొత్త పూమాల కొనుగోలు ఆపేశారు, నేటో బాధ్యతకు 1971లో సేవలోకి వచ్చిన మార్డర్ బండ్లను పంపారు. తర్వాత చూస్తే లోపాల్లో ఎక్కువ భాగం చిన్నవే, కొన్ని వారాల్లోనే దాదాపు అన్నీ బాగయ్యాయి. పూమా టరెట్‌లో మనిషి కూర్చోడు. చూపు, గురి, కాల్పు అన్నీ కేబుళ్ల మీదే ఆధారపడతాయి. ఒక్క కనెక్టర్ వదులైనా ఆ బండిని "పనికిరాదు" ఖాతాలో రాస్తారు. అలాంటి బండి పక్కన శిక్షణ పొందిన మెకానిక్, పెట్టెనిండా విడిభాగాలు ఉండి తీరాలి. చాలా ఏళ్లు జర్మనీ పొదుపు చేసింది సరిగ్గా ఈ రెండింటి మీదే.

విమానాలదీ అంతే. పాత టోర్నడో యుద్ధ విమానాల బదులు 35 ఎఫ్-35 విమానాలు కొన్నారు. అవి దిగబోయే బ్యూషెల్ స్థావరంలో రన్‌వే, హ్యాంగర్లు, భద్రతా కట్టడాలు కొత్తగా కట్టాలి. ఆ పనులకోసం 2022లోనే టోర్నడోలను నోర్వెనిష్ స్థావరానికి తరలించారు.

దీనికి తోడు పార్లమెంటు నిబంధన ఒకటుంది. 25 మిలియన్ యూరోలు దాటిన ప్రతి కొనుగోలు ఒప్పందం బడ్జెట్ కమిటీ ముందుకు పోవాలి. 2024లో అలాంటివి 97 వెళ్లాయి. ప్రజాస్వామ్యంలో ఆ తనిఖీ ఉండాల్సిందే. కానీ ఆ 25 మిలియన్ల గీత గీసిన నాటి ధరలు వేరు. ఇప్పుడు పెద్దగా ఏమీ లేని కొనుగోలు కూడా దాన్ని దాటుతుంది. ఆ గీతను జరపాలని నా అభిప్రాయం.

ఇప్పుడు డబ్బుకు కొదవే లేదు. 2025 మార్చిలో రాజ్యాంగాన్ని మళ్లీ సవరించి, జీడీపీలో 1 శాతం దాటిన రక్షణ ఖర్చుకు అప్పుల పగ్గం తీసేశారు. 2026కి మామూలు బడ్జెట్, నిధి కలిపితే 108 బిలియన్ల పైమాట. జీడీపీ శాతాల గురించి వాదించేవాళ్లను నేను పట్టించుకోను. రక్షణకు జీడీపీలో 3.5 శాతం అన్న అంకె ఎన్ని బండ్లు ఈ ఉదయం స్టార్టవుతాయో చెప్పదు.

మనుషుల లోటు అంతకన్నా గట్టిది. నిర్బంధ సైనిక సేవ 2011లో ఆపాక బ్యారక్‌లు మూసేశారు, నేర్పేవాళ్లు చెల్లాచెదురయ్యారు. 2025 చివరికి ఉన్నది 1,84,000 మంది దాకా, కావలసింది 2,60,000. 2026 జనవరి 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. 2008లోగానీ ఆ తర్వాతగానీ పుట్టిన మగపిల్లలకు 18 నిండగానే ప్రశ్నాపత్రం వస్తుంది, నింపి పంపడం తప్పనిసరి. ఆడపిల్లలకు ఐచ్ఛికం. చేరడం మాత్రం ఇప్పటికి ఎవరికైనా స్వచ్ఛందమే. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లు దీని గురించి కంగారు పడుతున్నారు కాబట్టి చెబుతున్నా: చదువు వీసా, ఉద్యోగ వీసా, శాశ్వత నివాసం ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. జర్మన్ పౌరసత్వం తీసుకున్న ఇంట్లో ఆ వయసు అబ్బాయి ఉంటే మాత్రం ఉత్తరం వస్తుంది, దాన్ని పక్కన పడేయకండి.

నిజంగా ముందడుగు పడిందో లేదో తెలుసుకోవాలంటే బెర్లిన్ ప్రకటనలు వదిలేసి లిథువేనియా వైపు చూడండి. అక్కడ 45వ బ్రిగేడ్ పేరుతో 4,800 మంది సిపాయిలను 2027 కల్లా శాశ్వతంగా నిలుపుతామని మాటిచ్చారు. లెపర్డ్ 2ఏ8 ట్యాంకులు 105 కొన్నారు. రూడ్నింకాయ్‌లో బ్యారక్‌లు, కుటుంబాలకు ఇళ్లు, పిల్లలకు బడి కావాలి, ట్యాంకులకు వర్క్‌షాపు కావాలి. 2027 చివర ఆ వర్క్‌షాపులో ఎంతమంది మెకానిక్‌లున్నారో, వాళ్ల బండ్లలో ఏ రేడియో బిగించి ఉందో వెతికి చూడండి.