ఫ్రాన్స్ చదువు కోసం బంగారం తాకట్టా?

ప్రశ్న: మాది కాకినాడ. అమ్మాయి బీఏ ఫ్రెంచ్ చదివింది. ఫ్రాన్స్ చరిత్ర, సంస్కృతి, సమాజం గురించి అక్కడికే వెళ్లి చదువుతానని పట్టుబడుతోంది. పారిస్‌లో ఒక సెమిస్టర్ కోర్సు చేయించాలా, రెండేళ్ల మాస్టర్స్‌కు పంపాలా? ఎఫ్‌డీల్లో 18 లక్షలున్నాయి. 30 కాసుల బంగారం ఉంది. మావారి రిటైర్మెంట్ ఇంకా ఆరేళ్లు.

జవాబు: 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న యానాం పక్కనే పెరిగిన పిల్ల! ఆ చరిత్ర మీదికి మనసు పోవడం వింతేమీ కాదు. బంగారం జోలికి మాత్రం వెళ్లకండి.

ముందు సెమిస్టర్ కోర్సు సంగతి. సోర్బాన్ పేరుతో 1919 నుంచి నడుస్తున్న ఫ్రెంచ్ నాగరికత కోర్సుల్లాంటివి విదేశీ విద్యార్థుల కోసమే పెట్టినవి. చదువు బాగుంటుంది, కానీ చేతికి మాస్టర్స్ డిగ్రీ రాదు. చేతిలో డబ్బు మిగిలినవాళ్లకు అది ముచ్చట. అప్పు చేసి వెళ్లేవాళ్లకు కాదు.

ప్రభుత్వ యూనివర్సిటీలో మాస్టర్స్‌కు యూరప్ బయటి విద్యార్థులకు 2025-26లో ఏడాది ఫీజు 3,941 యూరోలు. పక్క సీట్లో కూర్చున్న యూరప్ పిల్ల కట్టేది 254! ఈ తేడా 2019లో మొదలైంది. కొన్ని యూనివర్సిటీలు కొందరికి మినహాయింపు ఇస్తాయి. అడగండి, లెక్కలో మాత్రం వేసుకోకండి.

అసలు ఖర్చు ఊరిది. వీసాకు నెలకు 615 యూరోలు చూపిస్తే చాలంటారు గానీ, పారిస్‌లో అది గది అద్దెకే చెల్లు. పొయితియే, రెన్ లాంటి ఊళ్లయితే 800తో గుట్టుగా నెట్టుకురావచ్చు. యూరో 100 రూపాయల చొప్పున (ఇవాళ్టి రేటుతో సరిచూసుకోండి) రెండేళ్లకు ఫీజు దాదాపు 8 లక్షలు, బతకడానికి 19 లక్షలు. మొత్తం 27. నెలకు 1,100 యూరోలయ్యే పారిస్‌లో ఇదే చదువు 34 దాటుతుంది.

ఎఫ్‌డీల్లోంచి 12 లక్షలే తీయండి. మిగతా 6 మీ ఇద్దరివి. ఇంకో 10 లక్షలు బ్యాంకు విద్యారుణం. పదిన్నర శాతం వడ్డీ, పదేళ్ల గడువైతే నెలకు 13,500 దాకా కిస్తీ. చదువు నడుస్తుండగానే వడ్డీ కట్టేయండి, రుణం మొత్తం చేతికొచ్చాక కూడా నెలకు 8,750 మించదు. వదిలేస్తే అసలుకు చేరి కూర్చుంటుంది. పాత పన్ను విధానంలో ఉంటే ఈ వడ్డీకి ఆదాయ పన్నులో మినహాయింపు వస్తుంది. బంగారం తాకట్టు రుణానికి అది రాదు.

మిగిలిన 5 లక్షలు అమ్మాయి సంపాదించుకోవచ్చు. విద్యార్థులు ఏడాదికి 964 గంటలు పని చేయొచ్చు. కానీ చరిత్ర మాస్టర్స్ అంటే పుస్తకాల గుట్టలు, మెమ్వార్ (పరిశోధన వ్యాసం) రాత. మొదటి ఏడాది సంపాదన మీద ఆశ పెట్టుకోవద్దు, సెలవుల్లోనే చూసుకోమనండి.

స్కాలర్‌షిప్‌లు వదలొద్దు. ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చే ఐఫెల్ స్కాలర్‌షిప్‌లో చరిత్ర, ఫ్రెంచ్ భాష-నాగరికత కూడా ఉన్నాయి. దానికి దరఖాస్తు పంపేది విద్యార్థి కాదు, యూనివర్సిటీ. కాబట్టి అడ్మిషన్ పని ముందే మొదలుపెట్టాలి. మన దేశం వాళ్లకు షార్పాక్ అనే స్కాలర్‌షిప్ వేరే ఉంది. వీటన్నిటికంటే ముందు డెల్ఫ్ బీ2 (ఫ్రెంచ్ భాషా పరీక్ష) సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. అది లేకుండా ఏ ఏజెంటుకూ అడ్వాన్స్ ఇవ్వకండి.

సొంత డబ్బు పంపేటప్పుడు ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటనివ్వకండి. దాటినదాని మీద బ్యాంకు టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. కొంత మార్చి 31 లోపు, కొంత ఏప్రిల్‌లో పంపితే ఆ బెడద ఉండదు.