మెలియెస్ బూడిద రంగు ఎందుకు వాడాడు

తమ్ముడూ,

యూరప్ సినిమా మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. చదివిస్తుంది, సంతోషం. కానీ మూడో పేజీలో "నాటకం, చిత్రకళల పట్టు నుంచి బయటపడ్డాకే యూరప్ సినిమా కళ అయింది" అన్నావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. ఫిల్మ్ సొసైటీ మీటింగుల్లో ఎప్పటినుంచో వింటున్న మాటే ఇది. ‘స్వచ్ఛమైన సినిమా’ అనే ఫ్యాషన్ ఒకటి వచ్చి, మిగతా కళల పేరెత్తితేనే సినిమాకు తక్కువ అనిపించేలా చేసింది.

ఇంద్రజాలం నుంచి సినిమాకొచ్చిన తొలినాటి ఫ్రెంచ్ దర్శకుడు జార్జ్ మెలియెస్‌ని రెండు లైన్లలో తేల్చేశావు, నాటకాన్నే కెమెరాతో తీశాడని. 1897లో పారిస్ పక్కన మోంట్రేలో అద్దాల స్టూడియో కట్టినప్పుడు స్టేజీని తన ఇంద్రజాల థియేటర్ కొలతలతోనే వేయించుకున్నాడు, నిజమే. మరి ఆ వెనక తెరలకు వేసిన రంగేమిటో చూశావా? అంతా బూడిద ఛాయలే! ఆనాటి ఫిల్ముకు ఎరుపు అందదు, నల్లగా పడుతుంది, అందుకని తెరలే కాదు బట్టలు కూడా అవే ఛాయల్లో ఉండేవి. అంటే కుంచె పట్టుకున్నవాడు ఫిల్ము మీద ఏం పడుతుందో ముందే ఊహించి రంగు కలపాలి. ఆ తర్వాత కొన్ని ప్రింట్లకు ఎలిజబెత్ తుయిలియే వర్క్‌షాపులో ఆడవాళ్లు కూర్చుని ఫ్రేము ఫ్రేముకూ చేత్తో రంగులద్దేవారు, ఒకామెకు ఒకే రంగు. చిత్రకళ నుంచి సినిమా బయటపడింది ఎక్కడ? ఇంకా లోపలికి వెళ్లింది.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో జర్మన్ మూకీ సినిమా ‘డాక్టర్ కాలిగరి’ మీద వ్యాసం పంపితే, ఒక వారపత్రిక ఎడిటర్ సెట్ల గురించి రాసిందంతా కొట్టేసి కథ మాత్రం వేశాడు. పెయింటర్ల పేర్లు ఎవరికి కావాలి అన్నాడు. ఆ కోపం ఇంకా పోలేదు నాకు. ఆ పేర్లు హెర్మన్ వార్మ్, వాల్టర్ రైమన్, వాల్టర్ రోరిగ్. 1920 నాటి ఆ సినిమాలో చాలా నీడలు లైటుతో పడినవి కావు, రంగుతో గీసినవి. ఆ ముగ్గురినీ తీసేస్తే మిగిలేది నిద్రలో నడిచే హంతకుడి కథ, అంతే. నీకిప్పుడు అది ఫోన్లో దొరుకుతుంది. నేను చూసింది హైదరాబాద్‌లో వేసిన గీతలు పడ్డ ప్రింటు, హాల్లో చీకట్లో గీకిన నోట్సు ఇంటికొచ్చి చూస్తే సగం అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఆ సగంతోనే రాశాను, దాన్నే ఆయన కొట్టేశాడు.

ఇంకోటి. 1908లో వచ్చిన ఫ్రెంచ్ సినిమా ‘గీజ్ ప్రభువు హత్య’ను స్టేజీ నటుల గోల అని ఎగతాళి చేశావు. చూసే రాశావా? పారిస్‌లోని పేరున్న నాటకశాల కామెడీ ఫ్రాన్సేజ్ నుంచి వచ్చిన ఆ నటులు అప్పటి మామూలు సినిమా నటుల్లా చేతులు విసరరు, నిదానంగా ఉంటారు. సాన్ సాన్స్ అంతటి స్వరకర్త ఆ చిన్న సినిమా కోసమే సంగీతం రాసిచ్చాడు. స్టేజీ నుంచి సినిమా తెచ్చుకున్న నిగ్రహం అది.

ఎక్కడ వేయించాలని అడిగావు, అది తర్వాత చూద్దాం. మెలియెస్ భాగం ఒక్కటే తిరగరాసి పంపు, ఉపోద్ఘాతం లేకుండా, తెరలూ రంగులూ కొలతలతో సహా.