యమాషిత పాటలు దొరకడం లేదా?

జపాన్ గాయకుడు తత్సురో యమాషిత పాటల కోసం స్ట్రీమింగ్ యాప్‌లన్నీ గాలించి విసిగిపోయానని మీరన్నారు. లోపం మీ ఫోనులో లేదండీ, వాటికి ఇవ్వనిది ఆయనే. టీవీలో కనిపించరు; కచేరీకి వస్తే మాత్రం మూడు గంటలు దాటాల్సిందే! 1983 నాటి ‘క్రిస్మస్ ఈవ్’ పాట రైల్వే ప్రకటన పుణ్యమా అని 1989లో జపాన్ రికార్డుల అమ్మకాల పట్టిక ఒరికాన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది.

పాత ఆల్బమ్‌లు 2023లో ఎల్పీలుగా, క్యాసెట్లుగా మళ్లీ వచ్చాయి. 1982 నాటి ‘ఫర్ యూ’తో మొదలుపెట్టండి. మొదటి పాట ఆరంభంలో ఆయన గిటార్ ఒక్కటి చాలు, పెట్టిన డబ్బు గిట్టినట్టే. విదేశాలకు పంపే జపాన్ సైట్లున్నాయి. కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో వేసుకోండి. అంతవరకు ఆగలేకపోతే, ఆయన భార్య మరియా తకేఉచి పాడిన ‘ప్లాస్టిక్ లవ్’ యూట్యూబ్‌లో ఉంది. దాని వాద్య కూర్పు ఈయనదే.