పాఠకుల ప్రశ్నలు: తొలిసారి 113 కిలోమీటర్లు

1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. ఈ మూడింటినీ ఒకదాని వెంట ఒకటిగా ఒకే రోజున పూర్తి చేయడమే హాఫ్ ట్రయాథ్లాన్. మొత్తం దూరం మైళ్లలో 70.3 కాబట్టి ఆ అంకెతోనూ దీనిని పిలుస్తారు. ఆ పేరుతో జరిగే పోటీ మన దేశంలో 2019లో గోవాలో మొదలయింది. దాని గురించి గుంటూరు, విజయవాడ, మంగళగిరిల నుంచి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 41. కళాశాలలో అధ్యాపకురాలిని. ఇప్పటికి మూడు హాఫ్ మారథాన్లు పరుగెత్తాను, సైకిలు మీద ఒకసారి 100 కిలోమీటర్లు వెళ్లాను. ఈత మాత్రం నిరుడే నేర్చుకున్నాను. కొలనులో 1500 మీటర్లు ఈదగలను గానీ, మొన్న సూర్యలంక తీరంలో నడుములోతు నీళ్లలో తల ముంచేసరికి ఊపిరి అందలేదు, గుండె దడదడలాడింది. అక్టోబరు చివరలో జరిగే గోవా పోటీకి రుసుము కట్టేశాను. ఇంకా నాలుగు నెలలుంది. వెళ్లవచ్చునా, మానుకోవాలా? – ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వెళ్లవచ్చునండీ, అయితే ఒక షరతు ఉంది, దానిని చివర చెబుతాను. కొలనులో 1500 మీటర్లు ఈదగలిగిన మనిషికి 1900 మీటర్లకు సరిపడే సత్తువ ఉంటుంది. మీకు లోపించింది సత్తువ కాదు, బయటి నీళ్లతో పరిచయం. 25 మీటర్ల కొలనులో 1900 మీటర్లంటే 76 సార్లు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లడం. ప్రతిసారీ గోడ తగులుతుంది, కాలితో తన్ని కదులుతాము, మనకు తెలియకుండానే ఒకటి రెండు క్షణాల విశ్రాంతి దొరుకుతుంది. అడుగున గీత కనిపిస్తుంది, కాళ్లు ఆనే లోతు ఎక్కడుందో తెలుసు. సముద్రంలో ఇవేవీ లేవు. పైగా భయం వేసినప్పుడు మనిషి చేసే మొదటి పని ఊపిరి బిగబట్టడం. లోపలి గాలిని వదలకుండానే మళ్లీ పీల్చుకోవాలని చూస్తే పీల్చుకోవడానికి చోటుండదు, కార్బన్ డయాక్సైడు పేరుకుంటుంది, నిండుగా గాలి ఉన్నా ఊపిరాడనట్టే అనిపిస్తుంది. సూర్యలంకలో మీకు జరిగింది బహుశా ఇదే. అందుకే తల నీళ్లలో ఉన్నంతసేపూ బుడగలు వదులుతూ ఉండడం చేతుల ఊపు కంటే ముందుగా అలవాటు కావాలి.

దీనికి చాలావరకు కొలనులోనే సాధన చేయవచ్చు. గోడకు మీటరు ముందే తిరిగి, గోడను ముట్టుకోకుండా 400 మీటర్లు ఈదండి. కళ్లు మూసుకుని ఆరు చేతులు వేసి, కళ్లు తెరిచి, మొసలిలా కళ్లు మాత్రమే నీటి పైకి వచ్చేటంత తల ఎత్తి ఎదుట ఉన్న గురుతును చూడండి. సముద్రంలో తేలే బోయ్‌లను చూసుకుంటూ దారి తప్పకుండా ఈదడానికి పనికొచ్చే విద్య ఇదే. ఇద్దరు స్నేహితురాళ్లను పిలిచి ముగ్గురూ ఒకే వరుసలో పక్కపక్కన ఈదితే, పోటీలో చేతులూ కాళ్లూ తగిలినప్పుడు ఉలిక్కిపడరు. పోటీ రోజున గుంపు మధ్యలో కాక అంచున నిలబడండి. మొదటి 200 మీటర్లు అవమానంగా అనిపించేంత నెమ్మదిగా ఈదండి. దడ మొదలైతే వెల్లకిలా తేలండి, లేదా చేయి ఎత్తి లైఫ్‌గార్డు ఉండే చిన్న పడవను (కయాక్) పిలిచి పట్టుకోండి. దాని సాయంతో ముందుకు కదలనంత వరకు అది నియమాలకు విరుద్ధం కాదు, ఎవరూ పోటీ నుంచి తీసివేయరు. ఈతకు సాధారణంగా ఇచ్చే గడువు 1 గంట 10 నిమిషాలు, అంటే 100 మీటర్లకు దాదాపు 3 నిమిషాల 40 సెకన్లు. మీ వేగం అంతకంటే మెరుగ్గానే ఉండి ఉంటుంది. ఇంకొక మాట: మన సముద్రం వెచ్చన కాబట్టి, శరీరాన్ని తేల్చి ఉంచే వెట్‌సూట్‌కు అనుమతి ఉంటుందని లెక్క వేసుకోకండి.

బయటి నీళ్ల విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు. ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణ నిండు చెరువులా కనిపిస్తుంది గానీ, మీకున్న నాలుగు నెలలూ సరిగ్గా వరద నెలలు. గేట్లు ఎత్తిన నదిలోకి ఎంతటి ఈతగాడూ దిగకూడదు. నీరు వదిలిన కాలువల సంగతి చెప్పనే అక్కరలేదు. సూర్యలంకలోనైనా, మంగినపూడిలోనైనా ఒంటరిగా దిగవద్దు. అనుభవజ్ఞులైన బృందంతో, పక్కనే పడవ ఉండగా, నడుముకు కట్టుకునే నారింజరంగు బుడగతో, ఒడ్డుకు సమాంతరంగా మాత్రమే ఈదండి. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డువైపు పెనుగులాడకుండా పక్కకు ఈది, దాని నుంచి బయటపడిన తరువాతే ఒడ్డుకు తిరగాలి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. మన ఊళ్లలో అందరం ఎండ ఎక్కకముందే, నాలుగున్నరకే రోడ్డెక్కి ఏడింటికి ఇల్లు చేరతాము. మంచి అలవాటే. అయితే పోటీ ఉదయం మొదలైనా మీరు పరుగు అందుకునేసరికి పదకొండు దాటుతుంది. చల్లని వేళ మాత్రమే పరుగెత్తిన శరీరం ఆ ఎండకు తెల్లబోతుంది. వేడికి శరీరం అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది కాబట్టి, చివరి మూడు వారాలలో కొన్ని పరుగులను నెమ్మదిగా, నీళ్లు దగ్గర పెట్టుకుని, ఉదయం తొమ్మిది తరువాత పెట్టుకోండి.

వైద్యుడికి చూపించుకోవడం మానవద్దు. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయాథ్లాన్లలో జరిగిన 135 మరణాలు, గుండె ఆగిన ఘటనలను పరిశీలించిన అధ్యయనంలో 90 ఈత భాగంలోనే జరిగాయి. పాల్గొన్నవారి సంఖ్యతో పోలిస్తే ఇది లక్షకు ఇద్దరి లోపే. అయినా మీకు కలిగిన దడను భయం ఖాతాలో వేసేముందు ఒక ఈసీజీ, వైద్యుడు సూచిస్తే ట్రెడ్‌మిల్ పరీక్ష, చేయించుకోవడం వివేకం. ఇక షరతు ఏమిటంటే, పోటీకి నెల ముందు నాటికి పడవ తోడుగా బయటి నీళ్లలో కనీసం మూడుసార్లు 1500 మీటర్లు ప్రశాంతంగా ఈదలేకపోతే, కట్టిన రుసుము పోయినా సరే, వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఈ పోటీకని ఆదివారం తెల్లవారుజామున వెళ్లి మధ్యాహ్నానికి వస్తాడు. వచ్చాక తల నొప్పి అని పడుకుంటాడు. చొక్కా మీద తెల్లగా ఉప్పు చారలు కడతాయి. శక్తి కోసమని ఏవో తీపి జెల్ పొట్లాలు తెప్పించుకుంటున్నాడు, అవి తింటే వికారమంటాడు. ఇంట్లో చేసినవి పనికిరావా? ఏం పెట్టి పంపమంటారు? – ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, ఆ ఉప్పు చారలను మీరు గమనించడం చాలా మంచిదయింది, ఎందుకంటే జవాబులో సగం అక్కడే ఉంది. లీటరు చెమటలో సోడియం మనిషిని బట్టి అర గ్రాము నుంచి ఒక గ్రాము, కొందరిలో అంతకంటే ఎక్కువ పోతుంది. చారలు కట్టే మీ అబ్బాయిది బహుశా ఉప్పు ఎక్కువగా పోయే శరీరం. అతడిని సైకిలు ఎక్కేముందు ఒకసారి, గంట తొక్కి వచ్చి చెమట తుడుచుకున్నాక ఒకసారి తూకం వేసుకోమనండి. తగ్గిన ప్రతి కిలోకు ఒక లీటరు, దానికి ఆ గంటలో తాగినది కలిపితే, గంటకు పోయే చెమట లెక్క తేలుతుంది. అందులో ఎక్కువ భాగం తిరిగి తాగితే చాలు. అంతకు మించి ఉత్త నీళ్లు తాగి, బరువు పెరిగి వస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది. అది నీళ్లు తక్కువ తాగడం కంటే ప్రమాదకరం, తల నొప్పి, వికారం దాని లక్షణాలు కూడా. ఆ రెండింటిలో ఏది జరుగుతోందో తూకమే చెబుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్ఎస్ పొడి ఒక లీటరుకు కలిపితే అందులో సోడియం సుమారు 1.7 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు ఉంటాయి. ఉప్పుకు అది దండిగా సరిపోతుంది గానీ శక్తికి చాలదు. సైకిలు మీద గంటకు 60 గ్రాముల పిండిపదార్థం, అలవాటైతే ఇంకొంచెం ఎక్కువ, లోపలికి వెళ్లాలి. మూడున్నర గంటలకు లెక్క కట్టండి, 210 గ్రాములవుతుంది. ఒక చక్రకేళి అరటిపండులో ఇరవై, ఇరవై అయిదు గ్రాములు, ఉసిరికాయంత బెల్లం ముక్కలో పది పన్నెండు గ్రాములు ఉంటాయి. గింజ తీసిన ఖర్జూరాలు, ఉడకబెట్టి ఉప్పు చల్లిన చిలగడదుంప ముక్కలు జేబులో పెట్టుకోవచ్చు. జెల్‌తో వికారం రావడానికి చాలాసార్లు కారణం జెల్ కాదు, దానిని నీళ్లు లేకుండా మింగడమే. ఒక పొట్లానికి నాలుగైదు గుక్కల నీళ్లు తాగి చూడమనండి. పల్లీపట్టీ మాత్రం సైకిలు దిగాక పెట్టండి. నూనె, మాంసకృత్తులు ఉన్నది కడుపులో ఆలస్యంగా కదులుతుంది.

అదే కారణంతో పోటీ ఉదయం పెసరట్టు వద్దు. మూడు గంటల ముందు ఆరు ఇడ్లీలు, చట్నీ లేకుండా కాస్త పంచదారతోనో తేనెతోనో, రెండు అరటిపళ్లు పెడితే చాలు. ముందురోజు రాత్రి తెల్లన్నం, పెరుగు, పలుచని చారు. గోంగూర, వేపుళ్లు, ఆవకాయ ఆ ఒక్క పూటకు అటక మీదే ఉంచండి. పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఇది చెప్పడం తేలిక కాదని నాకు తెలుసు. ఏది పెట్టినా పోటీ రోజున కొత్తగా పెట్టకూడదు. ఆదివారం సాధనలో మూడుసార్లు తిని పడినదే సంచిలోకి వెళ్లాలి.

ప్రశ్న: నా దగ్గర మామూలు రోడ్డు సైకిలు ఉంది. లక్షలు పోసి కొత్తది కొనాలా? గోవాకు ఎలా చేర్చాలి? – పటమట, విజయవాడ

జవాబు: కొనవద్దు. ఉన్నదానికి కొత్త టైర్లు, బ్రేకు దిమ్మలు, గొలుసు వేయించండి, హ్యాండిల్ చివరల మూతలు ఊడిపోకుండా చూసుకోండి, మిగిలిన డబ్బుతో సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం మీ ఒంటికి సరిచేయించుకోండి. 90 కిలోమీటర్ల తరువాత నడుము గుర్తుంచుకునేది ఈ చివరి దాన్నే. దారిలో బయటివారి సాయం తీసుకోకూడదు కాబట్టి, టైరు విప్పి ట్యూబు మార్చడం చేతులకు నల్లరంగు అంటేదాకా ఇంట్లో సాధన చేయండి. హెల్మెట్ పట్టీ బిగించాకే సైకిలును ముట్టుకోవాలన్న నియమాన్ని కూడా సాధనలోనే అలవాటు చేసుకోండి. విజయవాడ, గుంటూరుల మీదుగా వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది, అయితే అది రోజూ నడవదు. పెడళ్లు, ముందు చక్రం తీసి, అట్టపెట్టెలో కట్టి, పార్సెల్ కార్యాలయంలో బుక్ చేయించుకోండి. పోటీకి కనీసం రెండు రోజుల ముందు చేరేలా బయలుదేరండి.

ప్రశ్న: ఈ మధ్యే నా మొదటి హాఫ్ ట్రయాథ్లాన్‌ను 7 గంటల 32 నిమిషాలలో ముగించాను. సైకిలు సరిగ్గా 3 గంటలలో అయింది, ఎప్పుడూ అంత వేగంగా తొక్కలేదు. పరుగులో 7 కిలోమీటర్ల తరువాత కాళ్లు పట్టేసి మిగతా 14 నడిచాను. ఆఫీసులో ఒకాయన ‘నడిచినవాడు పూర్తి చేసినట్టు కాదు’ అన్నారు. అది బాధగా ఉంది. – మంగళగిరి

జవాబు: నియమాలలో పరుగెత్తాలనో, నడవకూడదనో లేదు. 8 గంటల 30 నిమిషాల గడువు లోపల గీత దాటారు, పూర్తి చేశారు, ఆ చర్చ అక్కడితో సరి. మీరు ఆలోచించవలసినది ఆయన మాట గురించి కాదు, ఆ 3 గంటల గురించి.

సైకిలు మీద మనం ప్రధానంగా పోరాడేది గాలితో. గాలిని చీల్చడానికి ప్రతి క్షణం కావలసిన శక్తి వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. గంటకు 27 కిలోమీటర్ల వేగం నుంచి 30కి వెళితే వేగం పదకొండు శాతమే పెరుగుతుంది, గాలికి చెల్లించే శక్తి మాత్రం 37 శాతం దాకా పెరుగుతుంది. ప్రతిఫలం చూడండి: 27తో వెళితే 3 గంటల 20 నిమిషాలు, 30తో వెళితే 3 గంటలు. అంటే మిగిలింది 20 నిమిషాలు. ఆ తరువాత 14 కిలోమీటర్లు కిలోమీటరుకు 11 నిమిషాల చొప్పున నడిచారనుకుంటే, ఏడున్నర నిమిషాల చొప్పున జాగింగ్ చేసి ఉంటే పట్టే కాలం కంటే 49 నిమిషాలు ఎక్కువ పట్టింది. ఇరవై సంపాదించి నలభై తొమ్మిది పోగొట్టుకున్న బేరమిది.

ఈ బేరం నేనూ చేశాను. నా మొదటి పోటీలో వెనుక నుంచి గాలి తోస్తుంటే నా బలమే అనుకుని 50 కిలోమీటర్ల దాకా తిండి సంగతే మరిచిపోయి తొక్కాను. పరుగులో ఆరో కిలోమీటరు దగ్గర వాంతి చేసుకుని, ఒక కొబ్బరిచెట్టు నీడలో కూర్చుని, దారిన నెమ్మదిగా పరుగెత్తుతూ నన్ను దాటిపోయిన అరవై ఏళ్ల పెద్దమనిషిని చూశాను. సైకిలు మీద ఆయనను నేనే దాటాను, అదీ గర్వంగా.

వచ్చేసారికి ఒక్క సాధన మార్చండి. మూడు వారాలకు ఒకసారి అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు మీద 70 కిలోమీటర్లు, పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలలో మాట్లాడగలిగే వేగంతో తొక్కి, దిగిన అయిదు నిమిషాలలోపే 6 కిలోమీటర్లు పరుగెత్తండి. మొదటి కిలోమీటరులో కాళ్లు దిమ్మల్లా ఉంటాయి, దానిని లెక్కపెట్టకండి. ఆరవ కిలోమీటరు మొదటిదాని కంటే నెమ్మదిగా వచ్చిందంటే సైకిలు వేగంగా తొక్కారని అర్థం. అప్పుడు తరువాతిసారి గంటకు ఒక కిలోమీటరు తగ్గించి మళ్లీ చూడండి.