ప్రీసెట్ పిలిస్తే పాత ధ్వని ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: నా యూరోర్యాక్ (విడివిడి మాడ్యూళ్లను కేబుళ్లతో కలుపుకునే సింథసైజర్) కేసులో ఉన్న డిజిటల్ ఆసిలేటర్ (ధ్వనిని పుట్టించే) మాడ్యూల్‌లో నచ్చిన ధ్వనులను ప్రీసెట్లుగా సేవ్ చేసుకుంటున్నాను. మర్నాడు అదే ప్రీసెట్ లోడ్ చేస్తే స్వరం బాగా కిందికి దిగిపోతోంది. పైగా ఏదైనా నాబ్‌ను కాస్త కదిపితే చాలు, ధ్వని ఒక్కసారిగా ఎక్కడికో దూకుతోంది. మాడ్యూల్ పాడైందంటారా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి పాడైనట్టు లేదు. 1978లో వచ్చిన ప్రాఫెట్-5 సింథసైజర్ 40 ధ్వనులను గుర్తుపెట్టుకోగలిగిందంటే, దాని ధ్వనిని మలిచే భాగాలన్నీ ఒకే పెట్టెలో, ఒకే మైక్రోప్రాసెసర్ అదుపులో ఉండటమే కారణం. మాడ్యులర్‌లో ఆ సౌకర్యం లేదు. మీ ప్రీసెట్ ఆ ఒక్క మాడ్యూల్ లోపలి సంగతులనే దాచుకుంటుంది తప్ప, ముందు పలక మీద వేలాడే కేబుళ్లను గానీ, వాటి అవతలి కొసన ఉన్న సీక్వెన్సర్ (స్వరాలను వరుసగా వోల్టేజీ రూపంలో పంపే మాడ్యూల్) ఏం పంపుతోందన్నది గానీ దానికి తెలియదు.

స్వరం దిగిపోవడానికి మూలం బహుశా ఇక్కడే ఉంది. యూరోర్యాక్‌లో స్వరానికి సాధారణంగా పాటించే లెక్క ప్రకారం ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక ఆక్టేవ్, అంటే షడ్జం నుంచి పై షడ్జం దాకా పెరుగుతుంది. అందులో 12వ వంతు, సుమారు 83 మిల్లీవోల్టులు, ఒక అర్ధస్వరం. నాబ్ విలువకు కేబుల్ ద్వారా వచ్చే వోల్టేజీని మాడ్యూల్ కలుపుకుంటుంది కాబట్టి, సేవ్ చేసిన రోజు సీక్వెన్సర్ 2 వోల్టులు పంపుతూ ఉండి ఈరోజు సున్నా పంపుతుంటే, ప్రీసెట్‌లో ఏ లోపమూ లేకపోయినా రెండు ఆక్టేవ్‌ల కింద మోగుతుంది. నిర్ధారించుకోవాలంటే ఇన్‌పుట్ కేబుళ్లన్నీ తీసేసి ప్రీసెట్‌ను రెండుసార్లు లోడ్ చేయండి. రెండుసార్లూ ఒకేలా వినిపిస్తే మెమరీ బాగానే ఉన్నట్టు. ఇకమీదట కూడా కేబుళ్లు తీసి, మూల ధ్వనిని సరిచేసుకున్నాకే సేవ్ చేయడం మంచిది. వచ్చే వోల్టేజీని తగ్గించే లేదా తలకిందులు చేసే అటెన్యువర్టర్ నాబ్‌ల స్థానం మెమరీలోకి వెళ్తుందో లేదో మాన్యువల్‌లో చూడండి. వెళ్లకపోతే ప్యాచ్‌ను, అంటే కేబుళ్ల, నాబ్‌ల అమరికను, ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచుకోండి.

దూకుడు సంగతి వేరు. ప్రీసెట్ మారినంత మాత్రాన నాబ్ తనంతట తాను తిరగదు. మెమరీలోని విలువ గడియారంలో తొమ్మిది చూపుతుంటే మీ నాబ్ రెండు దగ్గర ఉండవచ్చు. వేలు తగలగానే మాడ్యూల్ ఆ రెండునే నిజమనుకుంటుంది. సెట్టింగుల్లో పికప్ మోడ్ ఉంటే ఎంచుకోండి: నాబ్ తిరుగుతూ దాచిన విలువను దాటేదాకా ధ్వని మారదు. మొదట్లో నాబ్ పనిచేయడం లేదేమో అనిపిస్తుంది గానీ, పదిమంది ముందు వాయించేటప్పుడు నేను దీన్నే నమ్ముకుంటాను. ఎటైనా ఎంతైనా తిరిగే ఎన్‌కోడర్ ఉన్న మాడ్యూళ్లకు ఈ బాధే లేదు.

మరొక్క మాట. చాలా మాడ్యూళ్లలో బటన్‌ను చిన్నగా నొక్కితే లోడ్, పట్టి ఉంచితే సేవ్. వేలు అరక్షణం ఎక్కువసేపు ఉంచి, మంచి ధ్వని మీద చెత్త ధ్వనిని సేవ్ చేసిన అనుభవం నాకూ ఉంది.

ప్రశ్న: ప్రీసెట్లను వోల్టేజీతో మార్చవచ్చా?

జవాబు: దానికి ప్రత్యేక ఇన్‌పుట్ ఉంటే మార్చవచ్చు. ఉదాహరణకు 0 నుంచి 5 వోల్టుల పరిధిని 8 ప్రీసెట్లకు సమానంగా పంచితే ఒక్కోదానికి 0.625 వోల్టులు వస్తాయి. మీరు పంపే వోల్టేజీ సరిగ్గా రెండింటి సరిహద్దు మీద ఉంటే, కొద్దిపాటి ఊగిసలాటకే ప్రీసెట్ అటూ ఇటూ మారుతుంది. అందుకే ప్రతి వాటా నడిమధ్య విలువను, అంటే మొదటిదానికి సుమారు 0.31, రెండోదానికి సుమారు 0.94 వోల్టులను సీక్వెన్సర్‌లో అమర్చుకోండి. స్వరం మోగుతుండగా మారిస్తే టక్కుమనే శబ్దం రావచ్చు కాబట్టి, మార్పును తర్వాతి ట్రిగర్ (స్వరాన్ని మొదలుపెట్టే సంకేతం) కంటే కాస్త ముందు, పాత స్వరం అణగిపోయాక జరిగేలా చూసుకోండి.